అనుకోని దెబ్బ ఎవరిది?

టేబుల్ టెన్నిస్ నియమావళిలో ఎక్కడా రాయని పని ఒకటి ఆ ఆట ఆడేవాళ్లు ప్రపంచమంతటా చేస్తారు. ర్యాలీ మధ్యలో తాము కొట్టిన బంతి నెట్ పైఅంచును గీసుకుని అవతలి బల్ల మీద మెల్లగా రాలినా, బల్ల అంచుకు తగిలి ప్రత్యర్థికి అందని దిక్కుకు ఎగిరిపోయినా పాయింట్ వాళ్లదే. అంపైర్ లెక్కలో రవ్వంత తేడా రాదు. అయినా పాయింట్ గెలిచినవాడు ప్రత్యర్థి వైపు తిరిగి చెయ్యో, చూపుడు వేలో కాస్త పైకెత్తుతాడు. ఇంటిపేరులో గోదావరి డెల్టా గ్రామం ఆచంట ఉన్న శరత్ కమల్ ఆటనో, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చివరి 16 మందిలో నిలిచిన మన ఆకుల శ్రీజ ఆటనో చూసినవారికి ఈ సైగ కొత్త కాదు. ఇది క్షమాపణ అనుకుందామంటే ఆ ఆటగాడు తప్పేమీ చేయలేదు. త్యాగం అనుకుందామంటే పాయింట్ వదులుకోవడం లేదు. మరి ఆ చెయ్యి ఏమంటున్నట్టు? ధర్మవిచారంలో చాలా పాతదైన ఒక చిక్కుముడికి ఈ చిన్న సైగ దారి చూపిస్తుందని నా నమ్మకం. మనం అనుకోకుండా చేసిన పని మనదేనా, దానికి మనం జవాబు చెప్పాలా అన్నదే ఆ చిక్కు.

గోదావరి ఒడ్డున పుట్టినవారికి ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రానక్కర్లేదు. రాజమహేంద్రవరానికి ఎదుటి గట్టున కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉంది. ఆ స్థలపురాణమంతా ఈ ప్రశ్న మీదే నిలబడింది. కరువు రోజుల్లో గౌతమ మహర్షి తన తపోబలంతో ధాన్యం పండించి, ఆశ్రయించిన మునులందరికీ అన్నం పెట్టాడు. అన్నం తిన్నవారిలోనే కొందరికి కన్నుకుట్టింది. వారు పన్నిన పన్నాగం వల్ల ఒక మాయగోవు ఆయన చేలో పడింది. దాన్ని కొట్టడానికి చేతులు రాక, అదిలించడానికి ఆయన ఒక దర్భ విసిరాడు. దర్భ తగలగానే గోవు కూలిపోయింది. గోహత్య చుట్టుకుందని మునులు వేలు చూపించారు. ఆయన తపస్సు చేసి శివుణ్ణి మెప్పించి గంగను నేలకు దించాడు. ఆ గంగే గోదావరి అనీ, గోవు గిట్ట పడిన చోటు గోష్పాదమనీ ఇక్కడివారి విశ్వాసం. ఈ కథ త్ర్యంబకంలో జరిగిందని నాసిక్ ప్రాంతం వారు చెబుతారు. బ్రహ్మపురాణంలోని గౌతమీ మాహాత్మ్యం, శివపురాణం దీన్ని కొద్ది తేడాలతో చెబుతాయి. ఎక్కడ జరిగిందన్న వాదు నాకు ముఖ్యం కాదు. గౌతముడికి చంపాలన్న తలంపు లేదు, ఆయన జాగ్రత్తలో లోపం లేదు, పైగా అది నిజమైన గోవు కూడా కాదు. ఇన్ని విధాల నిర్దోషి అయిన మనిషి ప్రాయశ్చిత్తం ఎందుకు చేసుకున్నట్టు?

జవాబు వెదకడానికి మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లాలి. ఒక పని ఎప్పుడు ఎవరిదవుతుందో ఇంత సూటిగా తేల్చిన నియమాలు తక్కువ చోట్ల కనిపిస్తాయి. బంతిని కొట్టడమంటే ఏమిటి? చేతిలో పట్టుకున్న బ్యాట్‌తో గానీ, ఆ బ్యాట్ పట్టిన చేతి మణికట్టుకు దిగువ భాగంతో గానీ బంతిని తాకడం. అంటే బంతి బ్యాట్‌కు బదులు వేలికి తగిలి అవతలి బల్ల మీద పడినా అది సరైన దెబ్బే. అదే బ్యాట్ చేతిలోంచి జారిపోయి గాలిలో ఉండగా బంతికి తగిలితే అది దెబ్బ కాదు. చేతికీ పనిముట్టుకీ మధ్య పట్టు ఉన్నంతవరకే ఆ పని మనిషిది. ఒకే ఊపులో బంతి రెండుసార్లు తగిలితే, అది కావాలని చేసిందైతేనే తప్పు. వేలికి తగిలి, ఆ వెంటనే బ్యాట్‌కు తగిలిన బంతిని నియమం మన్నిస్తుంది. ఇక్కడ సంకల్పాన్ని లెక్కలోకి తీసుకుంది. కానీ బ్యాట్ లేని రెండో చెయ్యి ఆడే బల్లను తాకిందంటే, తూలిపడబోయి ఆనించినా సరే, పాయింట్ పోయినట్టే. బల్లను కదిపినా అంతే. ఇక్కడ సంకల్పాన్ని అడగనే అడగదు. ఇక సర్వ్ సంగతి. తెరిచిన అరచేతి మీద బంతి కదలకుండా ఉండాలి, నిలువుగా కనీసం 16 సెంటీమీటర్లు పైకి లేవాలి, కిందికి దిగుతున్నప్పుడే కొట్టాలి, మొదటినుంచీ ప్రత్యర్థికి కనిపిస్తూనే ఉండాలి. దాచకూడదు, తిప్పి ఎగరేయకూడదు. సర్వ్ చేసిన బంతి నెట్‌ను తాకి అవతల సరిగ్గానే పడితే ‘లెట్’ అని మళ్లీ వేయిస్తారు. అదే బంతి ర్యాలీ మధ్యలో నెట్‌ను తాకితే ఆట ఆగదు. ఎందుకీ తేడా? ఆట మొదలుపెట్టే పని పూర్తిగా ఒక్కడి చేతిలో ఉంటుంది. అక్కడ అదృష్టానికి చోటిస్తే మొదలే కల్తీ అవుతుంది. గోష్పాద రేవులో పుష్కర స్నానానికి దిగేవారు ముందుగా దేశం, కాలం, గోత్రం, పేరు చెప్పి సంకల్పం చేస్తారు. మొదలుపెట్టే చోట ఎవరు, ఏమి, ఎందుకు అన్నది దాపరికం లేకుండా తేలాలన్న పట్టుదల రెండు చోట్లా ఒకటే. ర్యాలీ సాగాక పని ఇద్దరి మధ్యా నలుగుతుంది. బంతి మీద ఎవరి తిప్పు ఎంత ఉందో, ఎవరి వేగం ఎంతో విడదీయలేం. అక్కడ జరిగినదాన్ని జరిగినట్టు తీసుకోక తప్పదు.

కాబట్టి నియమావళి మన ప్రశ్నకు ఒకే జవాబు చెప్పడం లేదు. కొన్నిచోట్ల తలంపును చూస్తుంది, కొన్నిచోట్ల ఫలితాన్ని మాత్రమే చూస్తుంది. మన దర్శనాలూ ఈ రెండు కొసలకూ వెళ్లాయి. కొవ్వూరుకు పశ్చిమంగా మెట్ట మీద గుంటుపల్లి గుహలున్నాయి. క్రీస్తుకు పూర్వమే అక్కడ బౌద్ధ భిక్షువులు వర్షావాసం గడిపారు. వారి వినయ నియమాల్లో తలంపు లేనిదే హత్యాదోషం లేదు. ధమ్మపద వ్యాఖ్యానంలో మొదటి కథే చక్కుపాల థేరుడిది. గుడ్డివాడైన ఆ వృద్ధుడు చీకట్లో నడుస్తూ పురుగుల్ని తొక్కేస్తాడు. చంపాలన్న చిత్తం లేదు కనుక అతనికి దోషం లేదని బుద్ధుడు తేలుస్తాడు. జైనులు ఇంత తేలిగ్గా ఒప్పుకోలేదు. తలంపు ఎలా ఉన్నా ప్రాణి చచ్చింది గదా, జాగ్రత్త ఏది అన్నారు. అందుకే అడుగు వేసే ముందు నేల చూసుకుని నడిచే వ్రతం పెట్టుకున్నారు. ధర్మశాస్త్రకారులు మధ్యదారి పట్టారు. మనుస్మృతి 11వ అధ్యాయం తెలిసి చేసిన పాపానికీ తెలియక చేసినదానికీ వేర్వేరు ప్రాయశ్చిత్తాలు చెప్పింది. తెలియక చేసినదానికి తేలికైనది చెప్పింది గానీ, అసలేమీ అక్కర్లేదనలేదు. గౌతముడి నడత ఈ మూడింటిలో దేనికి చెందుతుందని అడిగితే, మూడోదానికే అని మన పండితులు చెబుతారు. నాకు ఆ జవాబు చాలదు. ‘తేలికపాటి దోషం’ అన్నా దోషం ఉందనే అర్థం. గౌతముడిలో అణువంత దోషం కూడా కనిపించదు.

పోలికకు దశరథుణ్ణి పక్కన నిలబెడితే సంగతి తేటపడుతుంది. సరయూ తీరాన చీకట్లో కుండ మునుగుతున్న చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. చంపాలనుకున్నది మునికుమారుణ్ణి కాదు, నిజమే. కానీ చూడకుండా, చప్పుడును బట్టే కొట్టగలనన్న నేర్పరితనపు పొగరు ఆ బాణంలో ఉంది. అది అజాగ్రత్త, దానికి తప్పు ఉంది. గౌతముడు విసిరింది దర్భ. అంతకంటే మెత్తగా ఏ గోవునైనా ఎవరు అదిలించగలరు? మన నేరచట్టం కూడా ఈ గీతే గీసింది. 1860 నాటి శిక్షాస్మృతిలో 80వ సెక్షనూ, 2024 జూలై 1 నుంచి దాని చోటుకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 18వ సెక్షనూ ఒకటే మాట చెబుతాయి. చట్టబద్ధమైన పనిని చట్టబద్ధమైన తీరులో తగిన జాగ్రత్తతో చేస్తుండగా దురుద్దేశం లేకుండా ప్రమాదం జరిగితే అది నేరం కాదు. ఆ ‘తగిన జాగ్రత్త’ లేనివాడు దశరథుడు, ఉన్నవాడు గౌతముడు. ఏ న్యాయస్థానమైనా గౌతముణ్ణి విడిచిపెడుతుంది. ఆయన మాత్రం తనను తాను విడిచిపెట్టుకోలేదు.

ఇక్కడే ఆ పైకెత్తిన చెయ్యి పనికొస్తుంది. ఆటలో మూడు సంగతులు విడివిడిగా ఉన్నాయి. పాయింట్ ఎవరిదన్నది ఒకటి, దాన్ని ఫలితం తేలుస్తుంది. తప్పెవరిదన్నది రెండోది, దాన్ని సంకల్పమో జాగ్రత్తో తేలుస్తుంది. మూడోది, ‘ఇది నా చేతి మీదుగా జరిగింది, నేను చూశాను, నా గొప్ప అని చెప్పుకోను’ అన్న ఒప్పుకోలు. దాన్ని ఏ అంపైరూ తేల్చడు. మనవాళ్ల వాదాలు సామాన్యంగా మొదటి రెంటి మధ్యే కొట్టుమిట్టాడతాయి. తప్పుంటే ప్రాయశ్చిత్తం చెయ్యి, లేకపోతే చేతులు దులుపుకో అంటాయి. తప్పు లేకపోయినా జవాబుదారీ ఉండే చోటు ఒకటుందనీ, మనిషి ధర్మబుద్ధి అసలు బయటపడేది అక్కడేననీ నేనంటాను. భగవద్గీత 18వ అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పారు. అధిష్ఠానమైన శరీరం, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. ఫోర్‌హ్యాండ్ దెబ్బ ఒక్కటి తీసుకుంటే ఈ అయిదూ కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. నిలబడిన తీరు, కొట్టేవాడు, బ్యాట్, చేతి ఊపు, చివరికి 2.7 గ్రాముల ఆ బంతి నెట్ అంచు మీద ఎటు వాలుతుందన్నది. చెయ్యెత్తిన ఆటగాడు చెబుతున్నది అయిదో కారణం పేరు. అది చెబుతూనే మిగతా నాలుగూ తనవేనని కాదనడం లేదు. బ్రిటిష్ తాత్వికుడు బెర్నార్డ్ విలియమ్స్ 1976లో ఇదే చోటు తడిమాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణలో, ఏ పొరపాటూ లేకుండా నడుపుతున్న లారీ కింద ఒక బిడ్డ పడుతుంది. నీ తప్పు లేదని అందరూ డ్రైవర్‌ను ఊరడిస్తారు, ఊరడించాలి కూడా. కానీ అతను ఆ మాట వెంటనే ఒప్పేసుకుని హాయిగా ఇంటికి పోతే మనకు ఒళ్లు జలదరిస్తుంది. చూస్తున్నవారి బాధా అతని బాధా ఒకటి కాకూడదని మనకు తెలుసు. విలియమ్స్ దీన్ని గుర్తించాడు. గౌతముడి కథ, ఆ బాధ చేయవలసిన పనిగా ఎలా మారాలో కూడా చూపిస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం తేలిగ్గానే దొరుకుతుంది. చెయ్యెత్తడం ఉత్త తంతు, లోపల సంబరపడుతూనే పైకి మర్యాద నటిస్తారు అంటారు. నటించేవారు లేరని నేననను. కానీ పాయింట్ వచ్చినందుకు సంతోషించడానికీ, అది నా నేర్పు వల్ల రాలేదని ఒప్పుకోవడానికీ మధ్య వైరం ఏమీ లేదు. రెండూ నిజాలే కనుక రెండూ ఒకే గుండెలో ఉండగలవు. ఆ సైగ నిజాన్ని చెబుతున్నంతవరకు దాన్ని తంతు అని కొట్టిపారేయలేం. పాయింట్ తిరిగిచ్చేస్తేనే నిజాయితీ అనడం కూడా సరికాదు. ఆట లెక్క ఇద్దరికీ ఒకటే, రేపు అదే అంచు అవతలివాడికీ కలిసొస్తుంది. రెండో అభ్యంతరం లోతైనది, గీతలోంచే వస్తుంది. అహంకారభావన లేనివాడికి, బుద్ధికి అంటు సోకనివాడికి, లోకాన్ని చంపినా చంపినట్టు కాదని అదే 18వ అధ్యాయం చెబుతుంది గదా, జ్ఞాని చెయ్యెందుకెత్తాలి? ఈ శ్లోకాన్ని సాకుగా వాడుకున్నవారు ఎప్పుడూ ఉన్నారు కనుక జాగ్రత్తగా చూడాలి. అక్కడ చెప్పింది కర్మ అంటదని. అంటనివాడు దెబ్బ తిన్నవాడి వైపు చూడకూడదని చెప్పలేదు. అసలు ‘నేనే చేశాను’ అన్న అహంకారం ఎంత తగ్గితే, ‘ఇందులో నా నేర్పు లేదు’ అని ఒప్పుకోవడం అంత సుళువు. గెలుపును తన పేర రాసుకోవాలని తహతహలాడేవాడికే చెయ్యి లేవదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మన సంఘ చరిత్రలోంచి వస్తుంది. అనుకోకుండా జరిగినదానికి కూడా జవాబు చెప్పాలన్న మాట ఈ దేశంలో ఎవరి మెడకు చుట్టుకుంది? పరాశర స్మృతి గోవు చావుకు లెక్కలు కట్టింది. అడ్డగించడం వల్ల చస్తే పావు ప్రాయశ్చిత్తం, కట్టేయడం వల్ల చస్తే సగం, కాడి కట్టినందుకు ముప్పావు, కొట్టి చంపితే పూర్తిగా. పలుపు బిగుసుకుని పశువు చచ్చిన పేదరైతు, పశువూ పోయి, పైన దానాలకూ భోజనాలకూ అప్పు చేయవలసి రావడం ఈ లెక్కలోంచి పుట్టిన దుస్థితే. పొరపాటున నీడ సోకినందుకు, చెయ్యి తగిలినందుకు శిక్షలు పడ్డవారి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఒప్పుకుంటూనే ఒక తేడా చూడమంటున్నాను. చెయ్యెత్తమని అంపైర్ అడగలేడు, ఎత్తకపోతే పాయింట్ కోయలేడు. ఆ సైగకున్న విలువంతా అందులోనే ఉంది. ఎవరో విధించిన మరుక్షణం అది శిక్ష అవుతుంది, తప్పు లేనివాడికి శిక్ష వేయడం అధర్మం. గౌతముడి కథలో మునులు వేలు చూపిన తీరుకూ, ఆయన తపస్సుకు కూర్చున్న తీరుకూ ఇంత దూరం ఉంది. శివుడు ప్రత్యక్షమై నువ్వు మోసపోయావు, దోషం ఆ మునులదే అని చెప్పినా, వారే నాకు మేలు చేశారు, వారి వల్లనే నీ దర్శనమైంది అంటాడు గౌతముడు శివపురాణంలో. ఆ మాట అనగలిగింది ఆ భారాన్ని తానే ఎత్తుకున్నవాడు కాబట్టి. అదే మాట మునులు ఆయనతో అనిపించి ఉంటే అది దౌర్జన్యం. మన ప్రాయశ్చిత్త వ్యవస్థ చాలాకాలం ఆ మునుల పక్షానే నిలబడిందని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఈ తేడా మరిచిపోతే ఇంకో వైపు నుంచి కూడా ప్రమాదం ఉంది. బలహీనుల మీద జవాబుదారీ రుద్దిన సంఘమే, బలవంతులకు ‘అనుకోకుండా జరిగింది’ అన్న మాటను ఉచితంగా ఇచ్చేసింది. 2015 జూలై 14న మహాపుష్కరాల తొలిరోజు, కొవ్వూరుకు ఎదుటి ఒడ్డున రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా భక్తులు చనిపోయారు. వారి చావును ఎవరూ సంకల్పించలేదు. తోసుకొచ్చిన జనంలో ఏ ఒక్కరూ హంతకులు కారు. అయితే అంతటితో మాట ముగిసిందా? జనం ఎంతమంది వస్తారో ముందే తెలిసిన చోట జాగ్రత్త లోపిస్తే అది దశరథుడి బాణం కిందికి వస్తుంది, దాన్ని న్యాయవిచారణ తేల్చాలి. నేనంటున్నది ఆ విచారణ తరవాత కూడా మిగిలే భాగం. నేరం రుజువు కాని అధికారి, నిర్వాహకుడు, ముహూర్తం గురించి ఊదరగొట్టినవాడు, ఇది మా చేతుల మీదుగా జరిగింది అని నోరు తెరిచి చెప్పగలగాలి. చెబితే దాన్ని నేరాంగీకారంగా పట్టుకుని కోర్టుకు లాగుతారన్న భయంతోనే ఎవరూ చెప్పరు. తప్పునూ జవాబుదారీనీ ఒకటిగా కలిపేసుకున్నందుకు మనం చెల్లిస్తున్న మూల్యం అదే. పుష్కరాలు మళ్లీ 2027లో రానున్నాయి. సంకల్పం చెప్పించేందుకు రేవు రేవుకూ పురోహితులు ఉంటారు. సంకల్పించనిదానికి ఎవరు నిలబడతారన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవలసిన సంగతి.

చివరిగా ఒక హద్దు గురించి చెప్పాలి. జవాబుదారీకి అంతు లేకపోతే అది మనిషిని తినేస్తుంది. చేయని నేరానికి జీవితాంతం కుమిలిపోయిన లారీ డ్రైవర్‌ను ధర్మాత్ముడని పొగడటం క్రూరత్వం. చక్కుపాలుడికి దోషం లేదని బుద్ధుడు చెప్పిన మాటలోని దయను నేను ఇక్కడే అందుకుంటాను. ఆ మాట విన్నాక ఆ వృద్ధుడు తేలికపడాలి. తేలికపడి, తెల్లవారాక ఎవరి చెయ్యో పట్టుకుని నడవాలి. గౌతముడి తపస్సుకూ ఒక ముగింపు ఉంది. గంగ దిగింది, గోవు మీద పారింది, ఆయన లేచాడు. టేబుల్ టెన్నిస్ నియమం కూడా ఆట ఎడతెగకుండా సాగాలంటుంది. ఆరు పాయింట్లకొకసారి తువ్వాలుతో చెమట తుడుచుకోవడానికీ, గేముల మధ్య ఒక నిమిషానికీ మించి విరామాలు చాలా తక్కువ. చెయ్యెత్తడానికి దొరికేది, ప్రత్యర్థి బంతి ఏరుకుని తిరిగి వచ్చే ఆ కాస్త వ్యవధే. ప్రత్యర్థి తలూపవచ్చు, ఊపకపోవచ్చు. ఊపమని అడిగే హక్కు చెయ్యెత్తినవాడికి లేదు. తరవాతి సర్వ్‌కు ఇద్దరూ సిద్ధం కావాలి.